బీపీటీ చదివి బ్రిటన్ వచ్చాను: హెచ్‌సీపీసీ దరఖాస్తులో అనుభవం ఎలా రాయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విజయవాడ దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల కోర్సును 2014లో పూర్తి చేశాను. ఆ తరువాత ఒక ఎముకల ఆసుపత్రిలో ఐదేళ్లు పనిచేశాను. మరో రెండేళ్లు ఇళ్లకు వెళ్లి, పక్షవాతం వచ్చినవారికీ మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారికీ చికిత్స చేశాను. 2021 చివర్లో బాబు పుట్టాక పని మానేశాను. మావారికి ఉద్యోగం రావడంతో ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాం. డిపెండెంట్ వీసా మీద పని చేసే హక్కు నాకు ఉన్నప్పటికీ, ఇక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ అయిన హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ లేనిదే ఫిజియోథెరపిస్టుగా పని చేయడానికి వీల్లేదని తెలిసింది.

నా సందేహాలు మూడు. నేను చదివిన కాలేజీ మూతపడింది, కనుక కోర్సు వివరాల పత్రం ఎవరి చేత నింపించాలో తెలియడం లేదు. పనికి దూరమై ఇంత కాలమైంది కాబట్టి దరఖాస్తు తిరస్కరిస్తారేమో అన్న భయం రెండోది. ఇక మూడోది, ఒక కన్సల్టెన్సీవారు ఇక్కడ ఏడాది ఎంఎస్సీ చేస్తే రిజిస్ట్రేషన్ దానంతట అదే వస్తుందని, దరఖాస్తు తలనొప్పి ఉండదని చెబుతున్నారు. ఫీజు చూస్తే గుండె ఆగినంత పనైంది. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

మిడ్‌ల్యాండ్స్ ఫిజియో

నమస్కారం అండి. నేను వరంగల్‌లో చదివి, దరఖాస్తు ద్వారానే రిజిస్టర్ అయి, ప్రస్తుతం ఒక ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో పని చేస్తున్నాను. మీ మూడో సందేహానికి సమాధానం మరొకరు నాకంటే బాగా చెప్పగలరు కాబట్టి, మిగిలిన రెండింటి గురించి రాస్తాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. అమెరికాలో మాదిరిగా ఇక్కడ అందరూ రాయవలసిన లైసెన్సు పరీక్ష లేదు. హెచ్‌సీపీసీకి మీరు పంపే కాగితాలను ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చదివి, ఇక్కడ కొత్తగా చదువు ముగించుకున్న ఫిజియోకు ఉండవలసిన సామర్థ్యాలు మీకు ఉన్నాయా లేవా అని నిర్ణయిస్తారు. ఆ సామర్థ్యాల జాబితాను 15 శీర్షికల కింద ప్రచురించారు. 2023 సెప్టెంబరు నుంచి సవరించిన జాబితా అమల్లో ఉంది కనుక, స్నేహితుల దగ్గర దొరికే పాత నమూనా దరఖాస్తులను నమ్ముకోకండి. పరీక్ష లేదంటే సులువని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి పరీక్ష లేకపోవడమే కష్టం, ఎందుకంటే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే. పరిశీలన రుసుము ఆరువందల పౌండ్లు దాటింది, అది తిరిగి రాదు. అందువల్ల తొందరపడి పంపకండి.

ఇంగ్లీషు విషయంలో, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి, దరఖాస్తు నాటికి ఆ ఫలితం రెండేళ్లు దాటకూడదు. కోర్సంతా ఇంగ్లీషులోనే చదివామన్న ధైర్యంతో కూర్చోకుండా పరీక్ష రాసేయండి. మనవాళ్లలో చాలామందికి అడ్డుపడేది రైటింగ్ విభాగం. రోజూ కేస్‌షీట్లు రాసిన చేతికి వ్యాసం రాయడం అలవాటు తప్పి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర ఎక్కువచోట్ల పని ఎలా నడుస్తుందో మీకు తెలుసు. డాక్టరుగారి చీటీలో "ఐఎఫ్‌టీ, ఎస్‌డబ్ల్యూడీ, పది సిట్టింగులు" అని, అంటే ఏ కరెంటు మెషీన్ ఎన్నిసార్లు పెట్టాలో ఉంటుంది, మనం మెషీన్ పెట్టి, కొన్ని వ్యాయామాలు చూపించి పంపిస్తాం. ఇక్కడ 1970ల చివరి నుంచీ ఫిజియోకు డాక్టరు చీటీ అక్కర్లేదు. రోగిని మొదట చూసేది, సమస్య ఏమిటో తేల్చేది, చికిత్స ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది, ఇది నా పని కాదు అనిపిస్తే వేరొకరి దగ్గరికి పంపేది కూడా ఫిజియోనే. అందుకే దరఖాస్తు చదివేవారు మీరు ఎన్ని మెషీన్లు వాడారని చూడరు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారని చూస్తారు.

నా మొదటి చిత్తుప్రతిలో "రోజుకు 25 మంది రోగులకు చికిత్స చేశాను, మోకాలి ఆపరేషన్ రోగులకు సీపీఎం (మోకాలిని మెల్లగా వంచి చాచే యంత్రం), క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండరాలు) వ్యాయామాలు ఇచ్చాను" అని రాసుకున్నాను. నా సీనియర్ ఒకావిడ దాన్ని చదివి పక్కన పెట్టి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగింది. తరువాత అదే అనుభవాన్ని ఇలా తిరగరాశాను: మోకీలు మార్పిడి జరిగిన నాలుగో రోజున రోగి పిక్కలో నొప్పిగా ఉందని చెప్పారు, పరీక్షించినప్పుడు ఒకవైపు పిక్క వాచి, వేడిగా ఉంది, లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చని అనుమానించి, ఆనాటి వ్యాయామాలు ఆపి, సర్జనుకు వెంటనే తెలియజేసి, రోగికి కారణం వివరించి, కేస్‌షీటులో సమయంతో సహా నమోదు చేశాను, డాప్లర్ పరీక్షలో గడ్డ ఉన్నట్లు తేలింది. ఈ ఒక్క సంఘటనతో పరీక్షించడం, ప్రమాదాన్ని గుర్తించడం, తన పరిధి తెలుసుకోవడం, ఇతర సిబ్బందితో మాట్లాడటం, రికార్డు రాయడం అన్నీ రుజువవుతాయి. ఇలాంటి సంఘటనలు మీ ఏడేళ్లలో తప్పకుండా ఉంటాయి. గుర్తు చేసుకోవడమే ఆలస్యం.

మీకు బలహీనంగా కనిపించగలిగేది ఊపిరితిత్తుల విభాగం. ఎముకల ఆసుపత్రి, ఇళ్లలో చికిత్స అన్నవే మీ అనుభవంలో ఉన్నాయి కాబట్టి, ఇంటర్న్‌షిప్‌లో ఐసీయూ పోస్టింగు ఎన్ని వారాలు చేశారో, వెంటిలేటర్ మీద ఉన్న రోగికి సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) చేసే ముందు ఏమేమి చూసేవారో, ఏ పరిస్థితిలో చేయకూడదో వివరంగా రాయండి. పెద్ద ఆపరేషన్ తరువాత ఎముకల ఆసుపత్రిలోనూ ఊపిరి వ్యాయామాలు చేయించి ఉంటారు కదా, దాన్ని వదిలేయకండి.

విరామం గురించి ఒక మాట. పనికి దూరమై తిరిగొచ్చే ఇక్కడి ఫిజియోలకు హెచ్‌సీపీసీ ఒక కొలత పెట్టింది. రెండు నుంచి ఐదేళ్ల విరామమైతే 30 రోజులు, ఐదేళ్లు దాటితే 60 రోజులు తమ విజ్ఞానాన్ని, నైపుణ్యాన్ని తాజా చేసుకోవాలి. అందులో సొంతంగా చదువుకోవడం సగానికి మించకూడదు. మిగతాది కోర్సుల ద్వారానో, రిజిస్టర్డ్ ఫిజియో పర్యవేక్షణలో పని ద్వారానో చేయాలి. మీ దరఖాస్తు వేరే తరగతికి చెందినదే అయినా, ఆ కొలతనే మీకు మీరు వర్తింపజేసుకుని, ఏ తేదీన ఎన్ని గంటలు ఏమి నేర్చుకున్నారో రాసి పెట్టుకోండి. విరామాన్ని దాచకండి, దానికి క్షమాపణలూ చెప్పుకోకండి.

ఒకసారి మోసపోయినవాడు

కృష్ణాతీరం గారూ, మీ మూడో సందేహానికి నేనే సజీవ ఉదాహరణను. నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ మాట నమ్మి, ఇంటి మీద అప్పు చేసి, ఏడాది ఎంఎస్సీలో చేరాను. కోర్సు మొదలైన రెండో వారంలో ప్రొఫెసరుగారు చాలా మర్యాదగా, "ఇది ఇప్పటికే ఫిజియోలైన వారికోసం పెట్టిన ఉన్నత విద్య, దీనివల్ల రిజిస్ట్రేషన్ రాదు" అని చెప్పినప్పుడు తరగతిలో మేము ముగ్గురం తెలుగువాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

తేడా ఏమిటంటే, ఇక్కడ ఫిజియోథెరపీ ఎంఎస్సీలు రెండు రకాలు. ప్రీ-రిజిస్ట్రేషన్ ఎంఎస్సీ అనేది సాధారణంగా రెండేళ్లు ఉంటుంది, హెచ్‌సీపీసీ ఆమోదించిన కోర్సు అయి ఉంటుంది, అందులో ఆసుపత్రి పోస్టింగులు ఉంటాయి, పూర్తి చేసినవారు రిజిస్ట్రేషన్‌కు అర్హులవుతారు. రెండోది అడ్వాన్స్‌డ్ అనో, మస్క్యులోస్కెలిటల్ (ఎముకలు-కండరాలు) అనో, స్పోర్ట్స్ అనో పేరు పెట్టుకున్న ఏడాది కోర్సు. చదువు మంచిదే కావచ్చు, నాకూ ఉపయోగపడింది. కానీ రిజిస్ట్రేషన్‌కు మాత్రం బీపీటీ ఆధారంగా మీలాగే విదేశీ దరఖాస్తు పెట్టుకోవలసిందే. కన్సల్టెన్సీలు మొదటి రకం కోర్సు లాభాన్ని చూపి రెండో రకం కోర్సులో చేర్పిస్తాయి. హెచ్‌సీపీసీ వెబ్‌సైటులో ఆమోదించిన కోర్సుల జాబితా అందరికీ కనిపించేలా ఉంటుంది. అందులో కోర్సు పేరు లేకపోతే ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా లాభం లేదు. ఈ ఒక్క జాబితా గురించి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరికి చదువు ముగిశాక దరఖాస్తు పెట్టి, ఐదు నెలలకు రిజిస్టర్ అయ్యాను. అంటే ఏ దారి ఎంఎస్సీ ఫీజు లేకుండానే మీ ముందు ఉందో, అదే దారికి నేను లక్షలు పోసి చేరుకున్నాను.

పాత రికార్డులు

నేను హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ కాలేజీలో పాఠాలు చెబుతాను, విదేశాలకు వెళ్లే విద్యార్థుల పత్రాలు ఏటా నా చేతి మీదుగా పోతుంటాయి. కాలేజీ మూతపడినా, డిగ్రీ ఇచ్చింది అనుబంధ యూనివర్సిటీయే కాబట్టి మీరు సంప్రదించవలసింది యూనివర్సిటీని. కానీ మీ హాజరు, పోస్టింగుల రికార్డు యూనివర్సిటీలో ఉండదు, అది కాలేజీతోపాటే పోయి ఉంటుంది. అందువల్ల ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినట్టు ఆసుపత్రులు ఇచ్చిన సర్టిఫికెట్లు, లాగ్‌బుక్కు మీ దగ్గర ఉంటే అవే ఇప్పుడు బంగారం. లేకపోతే, అప్పట్లో మీకు పోస్టింగు ఇచ్చిన ఆసుపత్రి విభాగాధిపతి నుంచి లెటర్‌హెడ్ మీద వారాలు, గంటలు పేర్కొన్న లేఖ తెప్పించుకోండి. దూరం నుంచి ఇలాంటి పనులు కావు. విజయవాడలో మీ నాన్నగారో, తమ్ముడో రెండుసార్లు స్వయంగా తిరగవలసి ఉంటుంది.

సిలబస్ విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రస్తుతం యూనివర్సిటీ వెబ్‌సైటులో కనిపించే సిలబస్‌ను తీసి పంపేస్తారు. మీరు 2014లో బయటికి వచ్చారు, కాబట్టి మీ బ్యాచ్‌కు వర్తించిన నిబంధనల ప్రతి కావాలి. మార్కుల మెమోలోని సబ్జెక్టు పేర్లకూ సిలబస్‌లోని పేర్లకూ పొంతన లేకపోతే చదివేవారికి అనుమానం వస్తుంది. మా పాత విద్యార్థి ఒకరికి, తాను చదివిన కాలేజీవారు పత్రంలో క్లినికల్ గంటల గడిని ఖాళీగా వదిలేసి, సంతకం, ముద్ర మాత్రం అందంగా వేసి ఇచ్చారు. అదనపు సమాచారం అడిగారు, నాలుగు నెలలు పోయాయి. పత్రం మీ చేతికి వచ్చాక ప్రతి గడీ చూసుకుని, ఆ తరువాతే పంపండి.

పెళ్లి తరువాత ఇంటిపేరు మారి ఉంటే పాస్‌పోర్టు, డిగ్రీ, మెమోలు ఒకే మనిషివని చూపే పత్రం ముందుగానే సిద్ధం చేసుకోండి. మన ఆడపిల్లల దరఖాస్తులు ఆగిపోయే కారణాల్లో ఇదొకటి, చిన్నదిగా కనిపిస్తుంది.

ఇంకొక మాట. ఐఏపీ (ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్) సభ్యత్వాన్ని చాలామంది లైసెన్సుగా చూపిస్తారు. 1955లో ఏర్పడిన ఆ సంస్థ వృత్తి సంఘమే తప్ప చట్టబద్ధమైన నియంత్రణ సంస్థ కాదు. ఢిల్లీ, మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాలకు సొంత కౌన్సిళ్లు ఉన్నాయి. దేశమంతటికీ వర్తించే అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం 2021లో వచ్చింది. మీరు పని చేసిన కాలంలో ఏ చట్టబద్ధ కౌన్సిల్‌లోనూ నమోదు కాకపోతే, దరఖాస్తులో ఉన్నదున్నట్టు ఆ మాటే రాయండి. సభ్యత్వ కార్డును లైసెన్సు అని రాస్తే, నిజాయతీ మీదే ప్రశ్న వస్తుంది.

కృష్ణాతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. కన్సల్టెన్సీవారికి ఈ రోజే వద్దని చెప్పేశాను. అటకమీద నా లాగ్‌బుక్కు దొరికిందని అమ్మ ఫోటో పంపింది. ఒక మూల చెదలు తిన్నాయి కానీ సంతకాలు కనిపిస్తున్నాయి. ఇంకొక సందేహం. రిజిస్ట్రేషన్ వచ్చేలోపు ఖాళీగా ఉండకుండా ఏదైనా పని చేయవచ్చా? ఇక్కడే పరిచయమైన ఒక తెలుగు కుటుంబంవారు, తమ అత్తగారి మోకాళ్లకు ఇంటికి వచ్చి వ్యాయామాలు చేయించమని, డబ్బులిస్తామని అడుగుతున్నారు.

మిడ్‌ల్యాండ్స్ ఫిజియో

ఆ ఇంటికి ఫిజియోథెరపిస్టుగా వెళ్లకండి. "ఫిజియోథెరపిస్ట్", "ఫిజికల్ థెరపిస్ట్" అన్న రెండు పేర్లూ ఇక్కడ చట్టరక్షణలో ఉన్నాయి, రిజిస్టర్ కానివారు వాటిని వాడటం నేరం. వాట్సాప్ ప్రొఫైల్‌లో, లింక్డిన్‌లో కూడా "భారతదేశంలో ఫిజియోథెరపీ పట్టభద్రురాలు" అని చదువు మాత్రమే చెప్పుకోండి. పైగా ఇక్కడ వృత్తిలో ఉన్నవారికి ఇండెమ్నిటీ బీమా (చికిత్సలో రోగికి హాని జరిగితే పరిహారానికి) తప్పనిసరి. అది లేకుండా పెద్దావిడ తూలి పడితే ఇరుపక్షాలకూ చిక్కే.

దానికి బదులు థెరపీ అసిస్టెంట్ లేదా రిహాబ్ అసిస్టెంట్ ఉద్యోగాలకు ప్రయత్నించండి. ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్, ట్రాక్ వెబ్‌సైట్లలో ఎక్కువగా బ్యాండ్ 3 (ఎన్‌హెచ్‌ఎస్ జీతపు శ్రేణుల్లో ఒకటి) కింద కనిపిస్తాయి. ఏడేళ్ల అనుభవం ఉన్న నేను అసిస్టెంటు పని చేయాలా అని మొదట నాకూ చిన్నతనంగా అనిపించింది. కానీ ఆ పదకొండు నెలల్లో నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఇక్కడ రోగిని ఇంటికి పంపడమే వార్డు ఫిజియోకు సగం పని. పడకగది మేడ మీద ఉంటుంది, కాబట్టి మెట్లు ఎక్కగలరో లేదో చూడాలి. ఒంటరిగా ఉండే ముసలావిడ టీ కాచుకోగలదో లేదో ఆక్యుపేషనల్ థెరపిస్టుతో కలిసి చూడాలి. మన ఊళ్లో కోడలో కూతురో ఉంటుందన్న ధీమాతో ఆ ప్రశ్నే మనకు తట్టదు.

కొత్త ఫిజియోలు చేరే బ్యాండ్ 5 ఇంటర్వ్యూలోనూ పరీక్షించేది దీన్నే. నన్ను అడిగిన ప్రశ్న ఇది: పొద్దున మీ జాబితాలో నలుగురున్నారు. నిన్న తుంటి ఎముక ఆపరేషన్ అయినవారు ఒకరు, పొట్ట ఆపరేషన్ తరువాత ఆక్సిజన్ స్థాయి పడిపోతున్నవారు ఒకరు, మెట్ల పరీక్ష అయితే మధ్యాహ్నం ఇంటికి వెళ్లగలిగేవారు ఒకరు, కుటుంబంతో సమావేశం ఉన్న పక్షవాతం రోగి ఒకరు. ఎవరిని ముందు చూస్తారు? ఊపిరి అందనివారిని మొదట చూస్తానని ఎవరైనా చెబుతారు. తుంటి ఎముక రోగిని ఆపరేషన్ మర్నాడే నిలబెట్టి నడిపించాలన్నది ఇక్కడి మార్గదర్శకం. కనుక దాన్ని రేపటికి వాయిదా వేయకుండా, అసిస్టెంటుకు ఏ పని అప్పగించవచ్చో, నర్సుతో ఏం మాట్లాడాలో కూడా చెప్పగలిగితేనే జవాబు పూర్తవుతుంది. నడుంనొప్పి రోగి గురించి అడిగితే, మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య స్పర్శ తగ్గడం గురించి అడిగి తెలుసుకుంటానని, అవి ఉంటే అదే రోజు అత్యవసర విభాగానికి పంపుతానని చెప్పడం మరవకండి. ఈ రెండు ప్రశ్నలు ఎంత తరచుగా వస్తాయో చెప్పలేను కానీ, నా స్నేహితులందరికీ ఏదో ఒకటి వచ్చింది.

డాలస్ మామయ్య

మా మేనకోడలికోసం ఈ చర్చ చదువుతున్నాను. ఆమె ఆస్ట్రేలియానా, అమెరికానా, బ్రిటనా అని ఊగిసలాడుతోంది. నేను ఫిజియోను కాను కానీ, అమెరికాలో మా అబ్బాయి పడ్డ తిప్పలు చూశాను. ఇక్కడ మొదట మన డిగ్రీని సబ్జెక్టు సబ్జెక్టుగా విడదీసి, అమెరికా కోర్సుతో పోల్చి క్రెడిట్లు లెక్కకడతారు. తక్కువైనవి మళ్లీ చదువుకోవాలి. ఆ తరువాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్షలో 200 నుంచి 800 వరకు ఉండే స్కేలు మీద 600 తెచ్చుకోవాలి. లైసెన్సు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. బ్రిటన్ రిజిస్ట్రేషన్ ఉంటే ఈ పనులు తగ్గుతాయా?

మిడ్‌ల్యాండ్స్ ఫిజియో

అయ్యా, తగ్గవు. ఒక దేశపు రిజిస్ట్రేషన్ మరో దేశంలో అనుభవానికి బలం ఇస్తుందే తప్ప లైసెన్సు ఇవ్వదు. ఆస్ట్రేలియాలో కాగితాల పరిశీలన, రాత పరీక్ష అయ్యాక, గుండె-ఊపిరితిత్తులు, ఎముకలు-కండరాలు, నాడీమండలం అనే మూడు విభాగాల్లో క్లినికల్ పరీక్ష ఉంటుంది. అందుకు సిద్ధపడటానికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. అమ్మాయి ఎక్కడ స్థిరపడాలనుకుంటుందో ముందు తేల్చుకుని, ఆ దేశపు పత్రాల పనే మొదలుపెట్టమనండి. మూడు దేశాలకూ ఒకేసారి యూనివర్సిటీ చుట్టూ తిరిగినవారిని చూశాను, మూడుచోట్లా సగం సగంగా మిగిలారు.

కృష్ణాతీరం

చివరిగా ఒక్కటి. నేను రాసుకున్న సంఘటనల్లో ఒక రోగి వీధి పేరు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు కూడా రాశాను, నిజమని నమ్ముతారని. ఉంచవచ్చా?

పాత రికార్డులు

వెంటనే తీసేయండమ్మా. "అరవై దాటిన పురుషుడు, కుడివైపు పక్షవాతం, మూడో వారం" అన్నంతవరకే ఉంచండి. ఆ 15 శీర్షికల్లో రోగి గోప్యత కూడా ఒకటి.